అవతలి ఆఫీసు మూతపడినప్పుడు

పెర్త్‌లో నేను పనిచేసే పరిశోధన సంస్థ చిన్నది. మా పనంతా శనగ పంట మీద. ఇక్కడి చలికాలపు వానలకు శనగకు ఒక మచ్చ తెగులు వస్తుంది. ఆకు మీద గోధుమ రంగు చుక్కలా మొదలై, చూస్తుండగానే మొక్క మొత్తాన్ని ఎండబెట్టేస్తుంది. దాన్ని తట్టుకునే రకాల కోసం ఎక్కడెక్కడి అడవి శనగ విత్తనాలో తెప్పించి, పెంచి, మన రకాలతో కలిపి చూస్తుంటాం. ఆ విత్తనాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఒక ప్రభుత్వ విత్తన కేంద్రం నుంచి వచ్చేవి. అక్కడ మా ప్రాజెక్టు చూసే ఆమెతో ప్రతి బుధవారం ఉదయం ఏడింటికి నాకు వీడియో కాల్ ఉండేది. ఆమెకు అప్పటికింకా మంగళవారం సాయంత్రమే. స్క్రీన్ మీద కనబడగానే, "రేపు ఎట్లా ఉంది అక్కడ?" అని అడిగేది. ఎండగా ఉందనో, గాలి కొడుతోందనో చెప్పేదాన్ని.

ఆమె నాకంటే చాలా పెద్దది. ఇంగ్లిషులో నువ్వూ మీరూ ఒకటే కాబట్టి బయటికి తెలిసేది కాదు కానీ, నేను మనసులో ఆమెను 'మీరు' అనే అనుకునేదాన్ని. భర్త పోయాడు. ఊరి బయట ఒక పాత ఇంట్లో చెవులు వినబడని కుక్కతో ఉండేది. ముందు పని మాట్లాడుకునేవాళ్ళం: ఏ రకం మొలకెత్తింది, ఏది కుళ్ళిపోయింది, ఏ పర్మిట్ ఎక్కడ ఆగింది. అదయ్యాక చివర్లో కాసేపు మిగిలేది. ఆ కాసేపట్లో ఆమె మోకాళ్ళ నొప్పులు, నా కూతురి చదువు, ఆమె కుక్క, నా వంట అన్నీ వచ్చేవి.

ఒకసారి ఆమెకు మా కర్నూలు వైపు శనగ పులుసు గురించి చెప్పాను. మంచు పడే రోజుల్లో తెల్లవారక ముందే చేలో శనగ మొక్కల మీద పల్చటి గుడ్డలు పరిచి, తడిసిన గుడ్డల్ని పిండితే పుల్లటి నీళ్ళు వస్తాయని, కడుపు నొప్పికి మా అవ్వ అవే పట్టించేదని. ఆ మరుసటి వారం ఆమె కాల్‌లోకి రావడమే నవ్వుతూ వచ్చింది.

"నిన్న గ్లాస్‌హౌస్‌లో మొక్కల మధ్య ఎవరూ చూడకుండా ఒక ఆకు నాలుక మీద పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ మొక్కతోనే బతుకుతున్నాను, దీని రుచి ఎప్పుడూ చూడలేదు!"

నేనుండేది పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లో. నా భర్తా నేనూ విడిపోయి చాలా కాలమైంది. ఆయన సిడ్నీలో ఉంటాడు. అమ్మాయి మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. ఇల్లు ఒకప్పుడు ముగ్గురికి సరిపోయేలా కొన్నది. ఇప్పుడు రెండు గదుల తలుపులు ఎప్పుడూ వేసే ఉంటాయి. మాట్లాడేవాళ్ళే లేరని కాదు. ఆఫీసులో పలకరిస్తారు, దుకాణంలో పలకరిస్తారు. కానీ ఎలా ఉన్నావని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగే మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి నాకు అప్పట్లో తెలియదు. బుధవారం అంటే పొద్దున్నే కాల్ ఉన్న రోజు, అంతే అనుకునేదాన్ని.

ఆ సెప్టెంబర్ చివరి కాల్‌లో ఆమె ముఖం అలసటగా ఉంది.

"బడ్జెట్ బిల్లు ఈసారి పాసయ్యేలా లేదు. ఈ రాత్రికి తేలకపోతే రేపటి నుంచి మా ఆఫీసు మూత," అంది.

"అంటే మీకు సెలవా?"

"సెలవైతే బాగుండును. జీతం రాదు, పని చెయ్యకూడదు. ఆఫీసు మెయిల్ తెరిచి చూసినా తప్పే. ల్యాప్‌టాప్ ఇక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళాలి."

"మరి మొక్కలు?"

"నీళ్ళు పోసేవాళ్ళని మాత్రం ఉంచుతారు. మొక్కలు చచ్చిపోకూడదు కదా. మేము మాత్రం ఇంటికి పోవాలి." నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నాకు మా పార్సిల్ గుర్తొచ్చింది. ఆ ఏడాది మేము అడిగిన అడవి రకాలన్నీ ఆమె కవర్లలో సర్ది సిద్ధం చేసి పెట్టింది. విత్తనాల్లో తెగుళ్ళు లేవని ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ చూసి సర్టిఫికెట్ మీద సంతకం చెయ్యాలి. అది లేకుండా ఆస్ట్రేలియాలోకి ఒక్క గింజ కూడా రానివ్వరు. ఇన్‌స్పెక్టర్ ఆ వారం చివర్లో రావాల్సి ఉంది.

"నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే. ఇంతకుముందూ ఇట్లాగే భయపెట్టారు," అంది. తర్వాత ఎప్పటిలాగే చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నేనూ చెయ్యి ఊపాను.

మా వైపు ఇబ్బంది ఏమిటో కొంచెం చెప్పాలి. బయటి దేశం విత్తనాన్ని నేరుగా పొలంలో చల్లడానికి లేదు. ముందు క్వారంటైన్ గ్లాస్‌హౌస్‌లో, అంటే తెగులు బయటికి పొక్కకుండా మూసి ఉంచే అద్దాల షెడ్డులో, ఒక పంట తీసి, ఏ తెగులూ లేదని తేలాక, ఆ పంట విత్తనాన్నే మే నెలలో పొలంలో వెయ్యాలి. ఆ గ్లాస్‌హౌస్ మా ఒక్కరిదే కాదు. అందులో గదులు ముందుగా బుక్ చేసుకోవాలి. మా గది అక్టోబర్ మధ్య నుంచి మా పేరు మీద ఉంది. అప్పటికి విత్తనం రాకపోతే వెనక వరసలో ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తారు. గది పోతే ఆ ఏడాది పోయినట్టే.

తర్వాతి బుధవారం ఏడింటికి కాల్ తెరిచాను. ఎప్పుడూ ఆమే కాల్ మొదలుపెట్టేది, అందుకని అవతలి వాళ్ళ కోసం వేచి ఉండమనే మాట ఒక్కటే స్క్రీన్ మీద కనబడింది. దాని కింద అద్దంలోలా నా ముఖం. ఈమెయిల్ పెట్టాను. రెప్పపాటులో జవాబు వచ్చింది: నిధులు ఆగిపోయినందువల్ల తాను పనిలో లేనని, ఆఫీసు తెరిచాక చూస్తానని. అది యంత్రం రాసిన జవాబని తెలిసి కూడా ఆమె పేరు చూసి ఆత్రంగా తెరిచాను.

అప్పుడు తట్టింది నాకు: ఆమె ఇంటి ఫోన్ నంబరు నా దగ్గర లేదు. సొంత మెయిల్ తెలియదు. ఆమె వంటింటి కిటికీలోంచి ఏ కొండ కనబడుతుందో తెలుసు, కుక్క ఏ మందు వేస్తే ఉమ్మేస్తుందో తెలుసు, కానీ ఆఫీసు తలుపు మూసుకుంటే ఆమెను చేరే దారి ఒక్కటీ లేదు.

మా డైరెక్టర్ గోధుమ రైతు కొడుకు. మంచి మనిషి, మాట తక్కువ. కాఫీ కప్పుతో నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"కబురేమైనా ఉందా?"

"లేదు."

"ఎప్పుడు తెరుస్తారట?"

"వాళ్ళకే తెలియదు."

కిటికీలోంచి బయటికి చూశాడు. బయట జాకరాండా చెట్టు పూతకొస్తోంది. "ఇంకొక్క వారం ఆగుదాం. ఈలోపు వాళ్ళు రాకపోతే ఏం చెయ్యాలో ఒక ప్లాన్ రాసిపెట్టు. ఈ ఒక్క ఏడాదికే కాదు, మళ్ళీ ఇలా జరిగితే ఏం చెయ్యాలో కూడా," అన్నాడు.

ఒక వారం అయింది, ఇంకోటి అయింది. బుధవారం వస్తే నేను పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూనే ఉన్నాను. కాల్ లేదని తెలుసు. అయినా అలవాటైన దారిలో కారు నడిపి, లైట్లు వేసి, టీ కలుపుకుని కూర్చునేదాన్ని. మిగతావాళ్ళు వచ్చేదాకా భవనంలో ఫ్రిజ్‌ల చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు.

ఆదివారం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. నేను తెలుగులో మాట్లాడతాను, తను ఇంగ్లిషులో జవాబిస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

"అమ్మా, జస్ట్ సెర్చ్ హర్ నేమ్. ఇట్స్ నాట్ దట్ హార్డ్."

"ఆమె పని గురించి మాట్లాడకూడదు కదే ఇప్పుడు. చట్టం ఒప్పుకోదంట."

"దెన్ డోంట్ టాక్ అబౌట్ వర్క్. ఆస్క్ హర్ హౌ షీ ఈజ్."

"అట్లా అడిగితే ఏమనుకుంటుందో ఏమో."

"మామ్, యూ టాక్ టు హర్ మోర్ దాన్ యూ టాక్ టు మీ."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా, నవ్వుతూనే అంది. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నాతోనే ఉండిపోయింది.

వెతికాను. ఆ పేరుతో చాలామంది ఉన్నారు కానీ, ఒక ఫోటోలో ఆమెను గుర్తుపట్టాను. కుక్కను పట్టుకుని ఏదో వాగు పక్కన నిలబడి ఉంది. స్క్రీన్ మీద ఎప్పుడూ భుజాల వరకే చూసిన మనిషి, నేననుకున్నదానికంటే పొడుగ్గా ఉంది. మెసేజ్ రాయబోయాను. ఎలా ఉన్నారు అని రాశాను. జీతం లేకుండా ఇంట్లో కూర్చున్న మనిషికి నా పలకరింపు పార్సిల్ కోసం గుచ్చి అడిగినట్టు ఉంటుందేమోనని తుడిచేశాను. ఇంకోలా రాశాను. అదీ తుడిచేశాను.

దీపావళికి మా వీధి చివర ఉండే డాక్టర్ దంపతులు పిలిచారు. గుంటూరు వైపువాళ్ళు, ఈ దేశం వచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఇద్దరూ రిటైరయ్యారు. పెరట్లో కుర్చీలు వేశారు, పిల్లలు కాకరపువ్వొత్తులు పట్టుకుని పరిగెడుతున్నారు. అంకుల్ నన్ను చూడగానే అడిగారు.

"అమెరికాలో షట్‌డౌన్ అంటగా అమ్మా, మీ ఆఫీస్‌కేమన్నా ఎఫెక్ట్ ఉందా?"

"విత్తనాల పార్సిల్ ఆగిపోయిందంకుల్."

"నీ జాబ్‌కి ప్రాబ్లం లేదు కదా?"

"లేదంకుల్."

"మరింకేం! వాళ్ళే దారికొస్తార్లే," అని ఇంకొకరి వైపు తిరిగారు.

ఆంటీ ప్లేటులో పూర్ణం బూరెలు పెట్టి తెచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఏంటమ్మాయ్, అట్టా డల్‌గా ఉన్నావు?"

"ఏం లేదాంటీ. ఒక ఫ్రెండ్ కాంటాక్ట్‌లో లేరు. ఎట్లా ఉన్నారో తెలీట్లేదు."

"అయ్యో. ఇండియాలోనా?"

"అమెరికాలో."

"ఏ ఊరువాళ్ళు? గుంటూరోళ్ళైతే మాకు తెలిసుండొచ్చు."

"మనవాళ్ళు కాదాంటీ. ఆఫీస్ పని మీద మాట్లాడతాం."

"ఓ, ఆఫీసా!" అని ఆంటీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఇంకో బూరె వడ్డించారు. ఆమె తప్పేమీ లేదు. ఎప్పుడూ కలుసుకోని ఒక మనిషి కోసం దిగులుగా ఉందని చెప్పుకోవడానికి ఆ పెరట్లో నాకూ మాటలు దొరకలేదు. బూరెలు బాగున్నాయన్నాను. నిజంగానే బాగున్నాయి.

ఆ వారమే మా గదిని మసూర్ పప్పు మీద పనిచేసే బృందానికి ఇచ్చేశారు. ఇక ఆగి లాభం లేదని డైరెక్టర్ ప్లానింగ్ మీటింగ్ పెట్టాడు. మా బోర్డు నుంచి ఒకావిడ కూడా వీడియోలో కూర్చుంది. గనుల కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చిన మనిషి. గొంతు పెంచదు, కానీ అడిగినదానికి సూటిగా జవాబు కావాలి.

"ఆ కేంద్రంలో మన పని తెలిసినవాళ్ళు ఎంతమంది?" అని అడిగింది.

"ఒక్కరే," అన్నాను.

"మన వైపు నుంచి ఆమెతో మాట్లాడేది ఎవరు?"

"నేనే."

"ఇంకెవరూ లేరా?"

"లేరు."

"అంటే ఇన్నేళ్ళూ ఈ ప్రాజెక్టు ఇద్దరు మనుషుల ఫోన్ కాల్ మీద నడిచిందా?"

నింద ఏమీ లేదు ఆ గొంతులో. నిజంగానే ఆశ్చర్యపోయింది. డైరెక్టర్ నా వైపు చూసి, "ప్లాన్‌లో అది కూడా రాయి," అన్నాడు.

రాశాను. కొత్త ప్లాన్ ప్రకారం ఏ విత్తనమైనా కనీసం రెండు దేశాల నుంచి తెప్పించుకోవాలి. యూరప్‌లోని ఇంకో విత్తన కేంద్రంతో ఒప్పందం చేసుకోవాలి. గ్లాస్‌హౌస్ గది ఇకపై ముందే ఒకటి అదనంగా పట్టి ఉంచాలి. కాల్స్‌లో ప్రతి వైపు నుంచీ కనీసం ఇద్దరుండాలి. మాట్లాడినవన్నీ రికార్డు కావాలి. ఆ తర్వాత రిస్కుల పట్టికలో, అంటే పనికి ఏవి అడ్డు రావచ్చో రాసేచోట, ఒక వరుస: రెండు సంస్థల మధ్య సంబంధం పూర్తిగా ఇద్దరు వ్యక్తుల మీద ఆధారపడి ఉంది, తీవ్రత ఎక్కువ. రాసి మళ్ళీ చదువుకున్నాను. మార్చడానికి ఏమీ లేదు. అందులో ప్రతి మాటా నిజమే.

డైరెక్టర్ చదివి, "క్లియర్‌గా ఉంది," అన్నాడు. నేను కారు దాకా వెళ్ళి, తాళం తిప్పకుండా కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఏడవలేదు. నా బతుకులో మంచిదనుకున్న ఒక్కదాన్ని లోపంగా నా చేత్తోనే రాయాల్సి వచ్చింది, అంతే.

నవంబర్‌లో ఒక పొద్దున వార్తల్లో చెప్పారు, బిల్లు పాసయింది, ఆఫీసులు తెరుస్తున్నారని. తర్వాతి బుధవారం కాల్ తెరిచేసరికి ఆమె అప్పటికే అక్కడుంది. జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఇద్దరం ఒకేసారి మాట్లాడబోయి, ఒకేసారి ఆగిపోయాం.

ఆఫీసు మూసిన మొదట్లో ఆమె ఇల్లు సర్దిందట. తర్వాత ఊళ్ళో ఉచితంగా భోజనం సామాన్లు పంచేచోట సాయానికి వెళ్ళిందట.

"మా ఆఫీసువాళ్ళే కొందరు వచ్చి లైన్లో నిలబడ్డారు. పిల్లలున్నవాళ్ళు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నేనూ చూడనట్టే సంచులు అందించాను," అంది. ఆ వెంటనే, "డిసెంబర్‌లో రిటైరవుతున్నాను. మా గ్రూపులో సగంమంది వెళ్ళిపోతున్నారు," అంది.

ఏ తేదీనో అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"మీ పార్సిల్ వచ్చే వారం పంపేస్తాను. మా వాళ్ళు కూడా ఏదో ప్లాన్ రాస్తున్నారు. ఇకనుంచి బయటి దేశాలకు పంపేవన్నీ బడ్జెట్ గడువుకు ముందే, మా వేసవిలోనే పంపెయ్యాలట. అక్టోబర్‌ను ఇక్కడ ఎవ్వరూ నమ్మడం లేదు."

అప్పుడు నేను మా గది పోయిందని, యూరప్ కేంద్రంతో మాట్లాడుతున్నామని చెప్పాను. చెప్పడానికి భయపడ్డాను కానీ ఆమె తల ఊపింది.

"మంచి పని చేశారు. మీ చోట నేనున్నా అదే చేసేదాన్ని."

"ఇంకోటి కూడా ఉంది," అని ఆ పట్టికలో వరుస గురించి చెప్పాను.

"నన్ను రిస్క్ అని రాశావా?"

"మనిద్దర్నీ."

పెద్దగా నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె ఏదో కాగితం సర్దుతున్నట్టు తల దించుకుంది. నేను టీ కప్పు పట్టుకున్నాను, అందులో టీ లేదు.

మిగిలిన రెండు మూడు కాల్స్ కొత్త పద్ధతిలోనే జరిగాయి. వాళ్ళ వైపు ఆమె స్థానంలోకి రాబోయే అతను, మా వైపు నాతో పాటు ఇంకో సైంటిస్టు. అందరి ముందూ రికార్డులో ఆమె మా సంస్థకు కృతజ్ఞతలు చెప్పింది. నేను వాళ్ళ సంస్థకు చెప్పాను. పార్సిల్ డిసెంబర్‌లో చేరింది. వెయ్యడానికి గది లేదు కాబట్టి చల్లగదిలో పెట్టాం.

వెళ్ళేముందు తన ఇంటి నంబరు పంపింది. జనవరిలో ఫోన్ చేశాను. చాలా సంతోషించింది. కుక్క ఎలా ఉంది, అమ్మాయి ఎలా ఉంది, వాతావరణం ఎలా ఉందని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఇదివరకు మాట ఆగితే ఎవరో ఒకరం మొలకల లెక్క చూసి, "ఈ రకం ఏమైనట్టు?" అని అందుకునేవాళ్ళం. ఆ మధ్యలోంచే మిగతా కబుర్లు వచ్చేవి. ఇప్పుడు మధ్యలో ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఆమె చేసింది. మార్చిలో నేను చేస్తే ఎత్తలేదు, తర్వాత మెసేజ్ పెట్టింది, చెల్లెలి ఊరికి వెళ్ళానని. మేము పోట్లాడుకోలేదు, ఒకరినొకరు మరిచిపోనూ లేదు. ఫోన్లు మాత్రం దూరమవుతూ వచ్చాయి.

యూరప్ విత్తనాలు ఆ పార్సిల్ కంటే కొద్దిరోజుల ముందే వచ్చాయి. వాటి వరకు ఇంకోచోట చిన్న గది ఒకటి దొరికింది. సగం రకాలే పెంచగలిగాం. యూరప్ కేంద్రంలో మాతో మాట్లాడే అతను మర్యాదస్తుడు, అడిగినవాటికి ఆ రోజే జవాబిస్తాడు. మా మీటింగుల్లో ఆరుగురం ఉంటాం, అందరం అయిదు నిమిషాల ముందే ముగిస్తాం. పని నిజంగానే ఇదివరకటికంటే గట్టిగా నడుస్తోంది. బోర్డు ఆవిడ మా ప్లాన్‌ను మిగతా ప్రాజెక్టులకూ నమూనాగా పెట్టింది.

మే నెలలో ఆ పంట విత్తనాన్ని వీట్‌బెల్ట్‌లో, పెర్త్‌కు తూర్పున గోధుమలు పండే వైపున్న మా పొలంలో విత్తాం. తొలకరి పడి నేల మెత్తబడింది. మధ్యాహ్నానికల్లా విత్తడం అయిపోయింది. డైరెక్టర్, ట్రాక్టరు నడిపే ఆయన ఊళ్ళో పబ్బుకు వెళ్తూ నన్నూ రమ్మన్నారు. మడులకు పేర్ల పలకలు పాతే పని ఉందని ఆగిపోయాను. కొన్ని పాతానో లేదో వాన అందుకుంది. మా యూట్ ట్రక్కు ఎక్కి కూర్చున్నాను. నాలుగు వైపులా దున్నిన ఎర్రనేల, దూరంగా ఒక గాలిమర, ఇంకేమీ లేదు. అమ్మాయికి ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నట్టుంది, ఎత్తలేదు. వాన తగ్గాక దిగి, బురదలో మిగిలిన పలకలు పాతి, చేతులు కడుక్కుని పెర్త్ దారి పట్టాను.